మన ఊరి మైదానం నుంచి క్రీడాశాస్త్ర పత్రిక దాకా: పరిశోధనను పారదర్శకంగా చేయడం ఎలా

క్రీడాశాస్త్రంలో పరిశోధనాంశం కోసం వెతుక్కోవలసిన అవసరం విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో లేదు. సైన్యంలో చేరాలని 1600 మీటర్ల పరుగు సాధన చేసే యువకులు దాదాపు ప్రతి మండలంలోనూ కనిపిస్తారు. నెల్లిమర్ల దగ్గరున్న కొండవెలగాడలో ఆడపిల్లలూ మగపిల్లలూ ఏళ్ల తరబడి బరువులెత్తుతున్నారు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం గెలిచారు. ఆమదాలవలస ప్రాంతంలోని ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఇంత ప్రతిభ ఉన్న చోట ఏ శిక్షణ ఎంత ఫలితమిస్తుందో, మన ఉక్కపోతలో శరీరం ఎలా స్పందిస్తుందో కొలిచి రాసినవారు మాత్రం చాలా తక్కువ.

ఆ పని చేయాలనుకునే బీపీఎడ్, ఎంపీఎడ్ విద్యార్థులు, ఫిజికల్ డైరెక్టర్లు, బడుల్లోని వ్యాయామ ఉపాధ్యాయులు, వైద్య కళాశాలల్లో ఫిజియాలజీ చదివే పీజీ విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. పేరున్న ప్రయోగశాల నుంచి వచ్చిన పత్రాన్ని పాఠకుడు సగం ఆ పేరు చూసే నమ్ముతాడు. మనకు ఆ వెసులుబాటు లేదు. ప్రశ్న ఎప్పుడు రాసుకున్నాం, ఎవరిని కొలిచాం, వచ్చిన అంకెలేమిటి, లెక్క ఎలా కట్టాం అన్నవన్నీ ఎవరైనా సరిచూసుకునేలా బయటపెడితేనే మన పత్రానికి బలం వస్తుంది. క్రీడాశాస్త్ర పత్రికలు ఇప్పుడు రచయితలను కోరుతున్నది కూడా ఇదే కాబట్టి, పేరు లేని చోటి నుంచి రాసేవారికి ఇది మంచి కాలమని నా నమ్మకం.

పత్రికలు ఎందుకు పట్టుబడుతున్నాయి

ఈ రంగానికి రెండు పాత జబ్బులున్నాయి. మొదటిది, కొద్దిమందిని కొలిచి పెద్ద మాట చెప్పడం. జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ సైన్సెస్ పత్రికలో వచ్చిన పత్రాలను 2020లో పరిశీలించినప్పుడు సగం పత్రాల్లో పాల్గొన్నవారు ఇరవై మందికి మించలేదని తేలింది. రెండవది, అనుకున్నదే జరిగిందని రాయడం. అదే ఏడాది బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన మరో విశ్లేషణ ప్రకారం, పరీక్షించిన పరికల్పనల్లో (ముందుగా వేసుకున్న అంచనాల్లో) 80 శాతానికి పైగా నిజమయ్యాయని రచయితలు రాసుకున్నారు. ఇరవై మందితో చేసే ప్రయోగాల్లో అంత విజయం సాధ్యం కాదు. నచ్చని ఫలితాలు సొరుగుల్లో ఉండిపోతున్నాయి, లేదా ఫలితం చూశాక పరికల్పన మారుతోంది.

గణాంక పద్ధతి దగ్గర కూడా ఒక పెద్ద వివాదం నడిచింది. 2006లో విల్ హాప్కిన్స్, అలన్ బాటర్‌హామ్ ప్రతిపాదించిన ‘మాగ్నిట్యూడ్ బేస్డ్ ఇన్ఫరెన్స్’ పద్ధతి క్రీడాశాస్త్రంలో విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. చిన్న నమూనాల్లో అది లేని ప్రభావాన్ని ఉన్నట్టు చూపించే ప్రమాదాన్ని పెంచుతుందని స్టాన్‌ఫర్డ్‌కు చెందిన క్రిస్టిన్ సైనాని 2018లో లెక్కగట్టి చూపించారు. మీ గైడు దగ్గరున్న పాత థీసిస్‌లో ఆ పద్ధతి కనిపిస్తే మీరు దాన్ని వాడకండి.

ఈ జబ్బులను నయం చేయడానికి, 2015లో సైన్స్ పత్రికలో వెలువడిన ‘టాప్’ అనే పారదర్శకత మార్గదర్శకాలు ఒక కొలబద్ద ఇచ్చాయి. వాటి తొలి రూపంలో ఎనిమిది ప్రమాణాలున్నాయి. ఒక్కో ప్రమాణానికి మూడు స్థాయిలు. డేటా సంగతే తీసుకోండి: మొదటి స్థాయి పత్రిక డేటా ఎక్కడుందో, లేదో చెప్పమంటుంది. రెండవ స్థాయి పత్రిక దాన్ని నమ్మకమైన ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టాల్సిందేనంటుంది. మూడవ స్థాయి పత్రిక ప్రచురణకు ముందే ఆ డేటాతో మీ లెక్కను మళ్లీ చేయిస్తుంది. పత్రం పంపే ముందు ఆ పత్రిక ‘రచయితలకు సూచనలు’ పుట చదివితే అది ఏ స్థాయిలో ఉందో అర్థమవుతుంది. ఆ పుటను పని మొదలుపెట్టకముందే చదవండి. అన్నీ అయ్యాక చదివితే అందులో అడిగిన సగం పనులకు సమయం దాటిపోయి ఉంటుంది.

మొదటి అడుగు: ప్రశ్నను బిగించడం

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. రోజూ ఒకే వేగంతో పరిగెత్తే అభ్యర్థుల కంటే, వారంలో రెండు రోజులు వేగంగా, మధ్యలో విశ్రాంతితో విడతలవారీగా పరిగెత్తేవారు ఆరు వారాల్లో 1600 మీటర్లను ఎక్కువ మెరుగుపరుచుకుంటారా? ఇది మన మైదానంలో, స్టాప్‌వాచీతో, ఖర్చు లేకుండా పరీక్షించగల ప్రశ్న.

ఇప్పుడు ఒక కాగితం మీద ఇవి రాయండి. ప్రధాన కొలత ఒక్కటే: ఆరు వారాల తరువాత 1600 మీటర్ల సమయం. నాడి వేగం, బరువు, అలసట వంటివి కొలిచినా అవి రెండవ వరుసలోనే ఉంటాయి. ఎన్ని రోజుల సాధన మానేస్తే ఆ వ్యక్తి ‘పాటించనివాడు’ అవుతాడు? అలాంటివారిని లెక్కలో ఉంచుతారా, తీసేస్తారా? పరుగు మధ్యలో కాలు బెణికి ఆగిపోయినవాడి సమయాన్ని ఏం చేస్తారు? జూన్‌లో వానలు పడి మైదానం బురదైతే చివరి పరీక్ష ఎన్ని రోజులు వాయిదా వేస్తారు? ఇలాంటి ప్రశ్నలు చిన్నవిగా కనిపిస్తాయి. ఫలితాలు చేతికొచ్చాక మాత్రం వీటిలో ఏ నిర్ణయం తీసుకున్నా మనకు తెలియకుండానే మన కోరిక వైపు మొగ్గుతాం. అందుకే ఆ నిర్ణయాలన్నీ అంకెలు పుట్టకముందే కాగితం మీదికి రావాలి.

ఎంతమంది కావాలి

ఎంతమంది కావాలో లెక్కగట్టే జీపవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ విశ్వవిద్యాలయం నుంచి దొరుకుతుంది. రెండు జట్లను పోల్చేటప్పుడు, తేడా ప్రామాణిక విచలనంలో (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలతలో) సగం ఉంటుందనుకుంటే, దాన్ని 80 శాతం అవకాశంతో పట్టుకోవడానికి జట్టుకు 64 మంది కావాలి. తేడా 0.8 అంత పెద్దదైతే జట్టుకు 26 మంది చాలు. 0.2 అంత చిన్నదైతే జట్టుకు దాదాపు 394 మంది కావాలి. జట్టుకు పదిమందితో చేసిన ప్రయోగం ఏమి చెప్పగలదో ఈ అంకెలే చెబుతున్నాయి.

ఒక మండలంలో 128 మంది దొరకడం కష్టమే. దానికి దారి ఉంది. ప్రతి ఒక్కరినీ శిక్షణకు ముందు కూడా కొలిచి, ఆ మొదటి సమయాన్ని విశ్లేషణలో కలుపుకుంటే అవసరమైన సంఖ్య బాగా తగ్గుతుంది. మొదటి, చివరి పరుగుల మధ్య సహసంబంధం (రెండు అంకెలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే కొలత) 0.8 ఉంటే 64 స్థానంలో సుమారు 24 మంది సరిపోతారు. పరుగు సమయాల్లో అంత సహసంబంధం ఉండడం అసాధ్యమేమీ కాదు. రెండు మూడు శిక్షణ కేంద్రాలు కలిసి ఒకే పద్ధతిలో కొలవడం మరో దారి. రాజాంలో ఒకరు, చీపురుపల్లిలో ఒకరు, పలాసలో ఒకరు చేయి కలిపితే పెద్ద నగరంలోని ప్రయోగశాలకు కూడా దొరకనంత మంది దొరుకుతారు. అది కూడా కుదరకపోతే, దొరికినంత మందితో ఎంత కచ్చితంగా చెప్పగలమో ముందే లెక్కగట్టి రాయండి. నిజాయితీగా రాసిన చిన్న నమూనాను మంచి సమీక్షకులు గౌరవిస్తారు.

ఎథిక్స్ కమిటీ, సమ్మతి పత్రం

మనుషుల మీద ఏ కొలత తీసుకున్నా ముందు ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి. మీ కళాశాలలో కమిటీ లేకపోతే, కమిటీ ఉన్న మరో సంస్థతో లిఖితపూర్వక ఒప్పందం చేసుకుని దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వైద్య కళాశాలల్లో ఇవి ఉంటాయి; మన రెండు జిల్లాల్లోనూ వైద్య కళాశాలలున్నాయి కాబట్టి దూరం సమస్య కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతితోపాటు పిల్లల అంగీకారం కూడా కావాలి: 7 నుంచి 12 ఏళ్ల వారిది మాట రూపంలో, 12 నుంచి 18 ఏళ్ల వారిది రాత రూపంలో. బరువులెత్తే పిల్లల్లో చాలామంది ఈ వయసువారే.

చాలామంది సమ్మతి పత్రంలో ‘మీ వివరాలు గోప్యంగా ఉంచుతాం, అధ్యయనం ముగిశాక ధ్వంసం చేస్తాం’ అని రాసేస్తారు. ఈ ఒక్క వాక్యంతో డేటా పంచుకునే దారి పూర్తిగా మూసుకుపోతుంది. తరువాత పత్రిక అడిగినా మీరు ఇవ్వలేరు, ఇస్తే మాట తప్పినట్టవుతుంది. దాని బదులు ఇలా రాయవచ్చు:

‘మీ పేరు, ఊరు, ఫోను నంబరు, పుట్టిన తేదీ ఎవరికీ ఇవ్వం. వాటిని తొలగించిన తరువాత మిగిలిన కొలతలను ఇతర పరిశోధకులు సరిచూసుకోవడానికి, కొత్త పరిశోధనకు వాడుకోవడానికి ఇంటర్నెట్‌లో ఉంచాలనుకుంటున్నాం. ఒకసారి ఉంచాక వెనక్కి తీసుకోవడం సాధ్యం కాకపోవచ్చు. దీనికి మీరు ఒప్పుకోకపోయినా అధ్యయనంలో పాల్గొనవచ్చు.’

ఒప్పుకున్నవారు, ఒప్పుకోనివారు టిక్కు పెట్టడానికి వేర్వేరు గడులు ఉంచండి. సంతకం తీసుకునే వ్యక్తి కోచ్ కాకుండా చూడండి. తనను జట్టులోకి ఎంపిక చేసే మనిషి కాగితం ముందు పెట్టినప్పుడు ‘వద్దు’ అనగల పదహారేళ్ల అమ్మాయి అరుదు. ఈ విషయంలో నాకు రాజీ లేదు. కోచ్ ఆ గదిలో కూడా ఉండకూడదు.

నమోదు: తేదీ ముద్ర పడాల్సిన చోట

శిక్షణ పద్ధతి మార్చి ఫలితం చూసే అధ్యయనమైతే అది ప్రయోగం కిందికి వస్తుంది. దాన్ని భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో, అంటే సీటీఆర్‌ఐలో నమోదు చేయండి. 2007 జులైలో మొదలైన ఈ రిజిస్ట్రీ మందుల ప్రయోగాలకే పరిమితం కాదు. జీవనశైలి మార్పులు, పునరావాస పద్ధతులు వంటి జోక్యాలను కూడా తీసుకుంటుంది. నమోదుకు రుసుము లేదు. ఒక్క షరతు గుర్తుంచుకోండి: 2018 ఏప్రిల్ 1 నుంచి తొలి వ్యక్తిని చేర్చుకోకముందు వచ్చిన దరఖాస్తులనే స్వీకరిస్తున్నారు. మైదానంలో పని మొదలయ్యాక తలుపు తట్టినా ప్రయోజనం లేదు. ఎథిక్స్ కమిటీ ఆమోద పత్రం కూడా అడుగుతారు కాబట్టి ఈ రెండింటికీ కలిపి సమయం కేటాయించుకోండి.

సీటీఆర్‌ఐ ఫారంలో మీ విశ్లేషణ ప్రణాళిక మొత్తం పట్టదు. ఇందాక కాగితం మీద రాసుకున్న నిర్ణయాలన్నింటినీ ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్‌లో పెట్టండి. దీన్ని అమెరికాలోని సెంటర్ ఫర్ ఓపెన్ సైన్స్ నడుపుతోంది, ఖాతా ఉచితం. అక్కడ నమోదు చేసిన ప్రణాళికకు తేదీ ముద్ర పడుతుంది, ఆ తరువాత ఏం మార్చినా మొదటి రూపం అలాగే నిలిచి ఉంటుంది. మీ ఆలోచనను ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్న భయం ఉంటే నాలుగేళ్ల దాకా బయటికి కనిపించకుండా ఉంచుకోవచ్చు. నమోదును ఉపసంహరించుకోవచ్చు కానీ పూర్తిగా చెరిపేయలేరు. ఒకప్పుడు ఉండేదన్న గుర్తు మిగులుతుంది. అది ఉండాలి కూడా.

ముందస్తు నమోదు చేస్తే ఆ తరువాత ఏమీ మార్చకూడదని చాలామంది అనుకుంటారు. మార్చవచ్చు. మైదానంలో అనుకోనివి జరుగుతాయి: తుఫాను వస్తుంది, నియామక ర్యాలీ తేదీ ముందుకు జరిగి సగం మంది వెళ్లిపోతారు. ఏం మార్చారో, ఎందుకు మార్చారో, ఎప్పుడు మార్చారో పత్రంలో రాస్తే చాలు. అలాగే ప్రణాళికలో లేని ఆసక్తికరమైన సంగతి డేటాలో కనిపిస్తే దాన్ని వదిలేయనక్కరలేదు. ‘ఇది ముందుగా అనుకున్నది కాదు, వెతుకుతుండగా కనిపించింది’ అని వేరే శీర్షిక కింద రాయండి.

రిజిస్టర్డ్ రిపోర్ట్

అవకాశం ఉంటే మొదట ఈ దారినే ఎంచుకోమని చెబుతాను. 2013లో కోర్టెక్స్ అనే పత్రిక మొదలుపెట్టిన ఈ పద్ధతిని ఇప్పుడు మూడు వందలకు పైగా పత్రికలు అనుసరిస్తున్నాయి. జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ సైన్సెస్ వాటిలో ఒకటి. ఇందులో పత్రాన్ని రెండుసార్లు సమీక్షిస్తారు. మొదటి దశలో మీరు పంపేది ఉపోద్ఘాతం, పరికల్పన, పద్ధతి, విశ్లేషణ ప్రణాళిక మాత్రమే. ఒక్క కొలత కూడా తీసి ఉండరు. సమీక్షకులు అప్పుడే లోపాలు చెబుతారు, మీరు సరిచేస్తారు. ఆ తరువాత పత్రిక ‘సూత్రప్రాయ ఆమోదం’ ఇస్తుంది. ప్రణాళిక ప్రకారం పని చేస్తే ఫలితం ఏదైనా ప్రచురిస్తామన్న హామీ అది. రెండవ దశలో ఫలితాలు, చర్చ చేర్చి పంపుతారు.

మామూలు పద్ధతిలో సమీక్షకుడు ‘జట్లను ర్యాండమ్‌గా విడదీయలేదే’ అని చెప్పేసరికి ఆరు వారాల శిక్షణ అయిపోయి ఉంటుంది. చేయగలిగింది ఏమీ ఉండదు. ఇక్కడ ఆ సలహా పనికొచ్చే సమయంలో వస్తుంది. అనుభవజ్ఞుడైన గైడు దగ్గర లేని విద్యార్థికి ఇది ఖర్చు లేని శిక్షణ. విడతల పరుగు వల్ల తేడా ఏమీ రాలేదన్నది కూడా వేలమంది అభ్యర్థులకు పనికొచ్చే సమాచారం. ఈ పద్ధతిలో అది సొరుగులోకి పోదు.

దీనికి సహనం కావాలి. మొదటి దశ సమీక్షకే నెలలు పడుతుంది. ఎంపీఎడ్ డిసర్టేషన్ గడువుకు నాలుగు నెలలే ఉంటే ఇది పెట్టుకోకండి, ముందస్తు నమోదుతో సరిపెట్టుకోండి. పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నవారికి మాత్రం ఇది సరిగ్గా సరిపోతుంది. ఆమోదం వచ్చేదాకా మైదానంలోకి దిగకూడదన్న నియమాన్ని మీ సహాయకులకు కూడా స్పష్టంగా చెప్పండి.

కొలిచేటప్పుడు

ఇక్కడ ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇద్దరు వేర్వేరుగా సమయం పట్టాలి, ఇద్దరి అంకెలూ రాసుకోవాలి. ఉష్ణోగ్రత, తేమ, మైదానం స్థితి, పరీక్ష జరిగిన వేళ ప్రతిసారీ నమోదు చేయండి. మన తీరప్రాంతంలో మార్చి ఉదయానికీ మే ఉదయానికీ చాలా తేడా ఉంటుంది. శిక్షణ వివరాలు మరొకరు చదివి అచ్చం అలాగే చేయగలిగేలా ఉండాలి. దీనికోసం ‘సెర్ట్’ అనే 16 అంశాల పట్టిక ఉంది, దాన్ని ముందు పెట్టుకుని రాయండి. కాగితాల మీద రాసిన అసలు అంకెలను ఎప్పుడూ దిద్దవద్దు, కొట్టేసి పక్కన కొత్తది రాసి సంతకం పెట్టండి. డేటా ఫైలుతోపాటు ప్రతి నిలువు వరుస పేరుకూ అర్థం, ప్రమాణం చెప్పే వివరణ ఫైలు తయారుచేయండి. ఆరు నెలల తరువాత ‘టీ2’ అంటే ఏమిటో మీకే గుర్తుండదు.

విశ్లేషణకు వాడే ఆర్, జామోవి, జాస్ప్ అనే సాఫ్ట్‌వేర్‌లు మూడూ ఉచితమే. దొంగ సాఫ్ట్‌వేర్ కాపీలతో లెక్క చేసే అవసరం లేదు. ఆర్‌లో రాసిన కోడును అలాగే దాచుకోండి. జామోవి, జాస్ప్ వాడితే ఆ ఫైలులోనే డేటా, ఎంచుకున్న పరీక్షలు, ఫలితాలు కలిసి ఉంటాయి కాబట్టి అది పంచుకుంటే చాలు, ముందుగా పేర్లు తీసేసి.

పేర్లు తీసేస్తే చాలదు

అన్ని అడుగుల్లోకీ మన ప్రాంతంలో కష్టమైనది ఇదే. వేరే దేశపు మార్గదర్శకాలు మనకు పూర్తిగా సరిపోనిది కూడా ఇక్కడే.

నగరంలో రెండు వందల మంది జాగర్ల డేటాలో పేరు తీసేస్తే ఎవరు ఎవరో చెప్పడం కష్టం. ఒకే ఊరిలో బరువులెత్తే పన్నెండు మంది అమ్మాయిల డేటాలో పేరు తీసేసినా ఏమీ దాగదు. వయసు 17, ఫలానా బరువు విభాగం, స్నాచ్‌లో ఇన్ని కిలోలు అని ఉంటే ఆ ఊళ్లో ఎవరైనా పేరు చెప్పేస్తారు. ఊరివాళ్ల దాకా కూడా అక్కరలేదు, రాష్ట్ర పోటీల ఫలితాల పట్టికతో పోల్చినా తెలిసిపోతుంది. దాని పక్క వరుసలో నెలసరి వివరాలో, హిమోగ్లోబిన్ అంకెలో, పాత గాయాల జాబితానో ఉంటే ఆ అమ్మాయికి ఎంత నష్టమో ఆలోచించండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే చూస్తుంది.

కాబట్టి ఒక క్రమం పాటించండి. ముందుగా పేరు, ఫోను, పుట్టిన తేదీ, ఊరు తీసేయండి. పత్రంలో కూడా ‘ఉత్తరాంధ్రలోని ఒక శిక్షణ కేంద్రం’ అంటే చాలు. వయసును ‘15 నుంచి 17’ వంటి శ్రేణిగా, బరువు విభాగాన్ని రెండు మూడింటిని కలిపి రాయండి. పరీక్ష తేదీల బదులు ‘మొదటి రోజు, 42వ రోజు’ అని పెట్టండి. తరువాత మిగిలిన గుర్తుల ప్రతి కలయికలోనూ కనీసం ఐదుగురు ఉన్నారో లేదో లెక్కబెట్టండి. ఒక్కరే ఉన్న వరుస దొరికితే ఆ శ్రేణిని ఇంకా వెడల్పు చేయాలి.

అప్పుడు జట్టును బాగా ఎరిగిన, అధ్యయన బృందంలోనే ఉన్న మనిషికి ఆ ఫైలు చూపించి, ‘ఇందులో ఎవరినైనా గుర్తుపట్టగలరా’ అని అడగండి. ఆయన ఒక్కరిని సరిగ్గా చెప్పినా ఫైలు ఇంకా సిద్ధం కానట్టే.

కనపడని జాడలు కూడా ఉంటాయి. ఎక్సెల్ ఫైలులో దాచిన షీట్లు, రచయిత పేరు ఉండిపోతాయి. కాబట్టి సాదా సీఎస్‌వీ ఫైలుగా మార్చి పంచుకోండి. వాచీలు నమోదు చేసే జీపీఎస్ జాడ మొదలయ్యేది చాలాసార్లు ఆ కుర్రవాడి ఇంటి గుమ్మం దగ్గరే. స్ట్రావా అనే యాప్ 2017లో ప్రచురించిన పరుగుల పటం సైనిక స్థావరాల ఆనవాళ్లను బయటపెట్టిందని 2018లో ప్రపంచమంతా చదివింది. సైన్యంలో చేరబోయేవారి జీపీఎస్ ఫైళ్లను అసలే పంచుకోవద్దు, దూరం, సమయం అంకెలు చాలు.

ఇంత చేశాక డేటా మరీ పలచబడి ప్రధాన విశ్లేషణ మళ్లీ చేయడానికి పనికిరాకుండా పోవచ్చు. బరువులెత్తే చిన్న జట్ల విషయంలో అది తరచు జరుగుతుంది. అప్పుడు రెండు మార్గాలు. జెనోడో వంటి భాండాగారంలో వివరాల పుటను అందరికీ కనిపించేలా ఉంచి, ఫైలును మాత్రం అభ్యర్థించినవారికే, ఎథిక్స్ కమిటీ షరతులతో ఇవ్వవచ్చు. లేదా ఆర్‌లోని సింత్‌పాప్ ప్యాకేజీతో అసలు డేటా లక్షణాలున్న కృత్రిమ డేటాను తయారుచేసి, అది కృత్రిమమని స్పష్టంగా రాసి, కోడుతోపాటు పెట్టవచ్చు. సాధ్యమైనంత తెరవాలి, అవసరమైనంత మూయాలి. ఎందుకు మూశారో మాత్రం పత్రంలో చెప్పాలి. కారణం చెప్పి మూసిన డేటాను మంచి పత్రికలు అంగీకరిస్తాయి.

1600 మీటర్ల అధ్యయనం వంటి వాటిలో ఇంత ఇబ్బంది ఉండదు. జెనోడోలో లేదా ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్‌లో పెట్టి శాశ్వత గుర్తింపు సంఖ్య, అంటే డీఓఐ తీసుకోండి. జెనోడోను ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ నడుపుతోంది, 2013 నుంచి ఉంది, ఉచితం. కళాశాల వెబ్‌సైటులోనో గూగుల్ డ్రైవ్‌లోనో పెట్టవద్దు. అవి ఎప్పుడు మాయమవుతాయో తెలియదు.

‘సహేతుకమైన అభ్యర్థన మేరకు డేటా ఇవ్వబడును’ అన్న వాక్యాన్ని కూడా వాడకండి. అలా డేటా ఇస్తామని పత్రంలో రాసిన రచయితలకు కొందరు పరిశోధకులు లేఖలు పంపి చూశారు. 2022లో వెలువడిన ఆ అధ్యయనంలో 1,792 పత్రాలకు గాను డేటా వచ్చింది 122కే. మిగిలిన 93 శాతం మంది జవాబివ్వలేదు, లేదా ఇవ్వలేమన్నారు.

ఎక్కడికి పంపాలి

సమీక్షకు పంపే ముందు ప్రీప్రింట్‌గా స్పోర్ట్‌ఆర్‌కైవ్‌లో పెట్టవచ్చు. క్రీడాశాస్త్రానికే ప్రత్యేకించిన భాండాగారం ఇది. చాలా పత్రికలు ప్రీప్రింట్‌ను అనుమతిస్తాయి. మీరు పంపబోయే పత్రిక నియమం ఒకసారి చూసుకోండి. స్పోర్ట్‌ఆర్‌కైవ్‌ను నడిపే స్టార్క్ అనే సంఘమే కమ్యూనికేషన్స్ ఇన్ కినీసియాలజీ పత్రికను కూడా నడుపుతోంది. పారదర్శక పరిశోధన కోసమే పుట్టిన పత్రిక అది. డబ్బు లేనివారు దాన్ని తప్పక చూడాలి, ఎందుకంటే అది రచయితల దగ్గరా పాఠకుల దగ్గరా రుసుము తీసుకోదు.

మూడు రోజుల్లో ప్రచురిస్తామంటూ ఈమెయిలు పంపే పత్రికల జోలికి పోవద్దు. యూజీసీ నమ్మదగ్గ పత్రికల పేర్లుండే తన కేర్ జాబితాను 2025లో ఆపేసింది కాబట్టి పత్రిక మంచిచెడ్డలు చూసే బాధ్యత మనదీ మన కళాశాలదీ. అందరూ ఉచితంగా చదవగల పత్రికలను నమోదు చేసే డీఓఏజే జాబితాలో ఉందా, సంపాదకవర్గంలో ఉన్నవారు నిజంగా ఆ రంగంలో పని చేస్తున్నారా, పాత సంచికల్లో డేటా లింకులు తెరుచుకుంటున్నాయా అని చూడండి. మూడవ ప్రశ్నకు జవాబు దొరికితే మొదటి రెండూ చాలావరకు తేలిపోతాయి. ఇతరుల పత్రాలు చదవడానికి మాత్రం ఇప్పుడు మునుపటంత ఇబ్బంది లేదు. 2025లో మొదలైన ‘ఒకే దేశం ఒకే చందా’ పథకం కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు సుమారు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. మీ లైబ్రేరియన్‌ను అడగండి.

రచయితల పేర్ల దగ్గర న్యాయంగా ఉండండి. చాలా పత్రికలు ఇప్పుడు ‘క్రెడిట్’ పట్టిక ప్రకారం 14 పాత్రల్లో ఎవరు ఏది చేశారో అడుగుతాయి. ఆలోచన ఎవరిది, కొలిచింది ఎవరు, లెక్క కట్టింది ఎవరు, రాసింది ఎవరు అన్నది అక్కడ విడివిడిగా కనిపిస్తుంది. ఏ పాత్రా పోషించని పెద్దల పేరు చేర్చమని ఒత్తిడి వచ్చినప్పుడు ఈ పట్టికను వారి ముందు పెట్టి, ఏ గడిలో రాయమంటారో వినయంగా అడగండి. ఆరు వారాలూ పొద్దున్నే వచ్చి సమయం పట్టిన వ్యాయామ ఉపాధ్యాయుడి పేరు కృతజ్ఞతల్లోనైనా తప్పకుండా ఉండాలి. పని ఎక్కువ చేసి, రాతప్రతిని చదివి ఆమోదించి ఉంటే రచయితగానే ఉండాలి. పేర్లు కలిసిపోకుండా ప్రతి రచయితా పరిశోధకులను గుర్తించే 16 అంకెల ఓర్కిడ్ సంఖ్య తీసుకోవాలి. మన ప్రాంతంలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవారు ఎంతమందో మీకు తెలిసిందే.

ప్రచురణ తరువాత

పాల్గొన్నవారికి ఫలితాన్ని ఒక పుట తెలుగులో రాసి ఇవ్వండి. ఏ జట్టు సగటున ఎంత మెరుగుపడిందో, ఆ తేడా నమ్మదగ్గదో కాదో వాళ్లకు అర్థమయ్యేలా ఉండాలి.

డేటా బయట ఉంది కాబట్టి ఎప్పుడో ఒకరోజు ఎవరో మీ లెక్కలో తప్పు పట్టుకుని రాయవచ్చు. ముందుగా వారి కోడును మీ డేటా మీద నడిపి చూడండి. వారన్నది నిజమైతే సంపాదకుడికి మీరే రాసి సవరణ ప్రకటన వేయించండి. ప్రధాన ముగింపే మారిపోయేంత తప్పయితే పత్రాన్ని ఉపసంహరించుకోవాల్సి రావచ్చు. తరువాత సరిచేసిన ఫైలును జెనోడోలో కొత్త వెర్షన్‌గా ఎక్కించండి. పాత వెర్షన్ తన డీఓఐతో అలాగే ఉంటుంది, కొత్తదానికి వేరే డీఓఐ వస్తుంది, అన్ని వెర్షన్లకూ కలిపి ఒక ఉమ్మడి డీఓఐ కూడా ఉంటుంది. సవరణ ప్రకటనలో ఆ కొత్త సంఖ్యను, తప్పు పట్టుకున్నవారు అనుమతిస్తే వారి పేరును తప్పకుండా రాయండి.